అంకె పక్కన చుక్క

కూతురి ఈడు మనిషి మీద ముసలివాడికి అసూయ ఎక్కడి నుంచి వస్తుంది? నాకు డెబ్బై రెండేళ్లు నిండాయి. జీవితమంతా చదువుతూనే ఉన్నాను, చదివినవాటిలో ఈర్ష్యాపరులు తక్కువేమీ లేరు. వాళ్లందరికీ ఏదో ఒక కారణం ఉంది: రాజ్యమో, ఆడమనిషో, పొలం గట్టో. నాకున్నది ఒక నల్లబల్ల, నాలుగు సుద్దముక్కలు. వాటిని పక్కకు జరిపింది ఒక సెల్‌ఫోను. ఇంతే. అయినా ఒక ఏడాదిపాటు గంగాభవాని పేరు వింటే నా నోట్లో చేదు ఊరేది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. ఆమె గురించి మాత్రం చెప్పగలను.

మాది జువ్వలదిన్నె హార్బరుకు దక్షిణాన ఉన్న ఒక పాళెం. నలభై రెండు పడవలు, రెండు వందల గడప. నా భార్య రెబెక్కమ్మ ఇక్కడి ఆరోగ్య ఉపకేంద్రానికి నర్సుగా బదిలీ అయి వచ్చింది. నెల్లూరులో నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సు మూతపడ్డాక నేనూ ఆమె వెనకే వచ్చాను. ఊరివాళ్లు ఆమెను నర్సమ్మ అన్నారు, నన్ను సారు అన్నారు. రిటైరయ్యాక కూడా దెబ్బ తగిలినవాళ్లు ఆమె దగ్గరికే వస్తారు. పంచాయతీ ఆఫీసు పక్క గదిలో పుస్తకాలు పెట్టి తాళం నా చేతికిచ్చారు.

వాగు సముద్రంలో కలిసే చోటును ఇక్కడ మొగ అంటారు. వానలు పడ్డాక మొగ దగ్గర రొయ్య బాగా పడుతుంది. అయితే అక్కడ ఒకేసారి నాలుగు వలలకు మించి చోటు లేదు. నలభై రెండు పడవలూ కలిసి వెళ్తే రొయ్యల కంటే ముందు తలకాయలు పగులుతాయి. అందుకని ఏటా గంగమ్మ జాతర మర్నాడు చీట్లు తీసి వంతులు పెట్టుకుంటారు, రోజుకు నాలుగు పడవలు. ఇంట్లో చావో పురుడో అయినవాళ్లు మైల తీరేదాకా మొగ ముఖం చూడరు. వాళ్ల వంతు ఇంకొకరికి మారుతుంది. కాబట్టి ప్రతి శనివారం సాయంత్రం రాబోయే వారం వంతులు కొత్తగా రాయాలి. రాసేవాళ్లకు పడవ ఉండకూడదు. ఇది ఊరి కట్టుబాటు.

పడవ లేకుండా, చేతిరాత గుండ్రంగా ఉన్న మనిషిని నేనే. పద్దెనిమిదేళ్లు, వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డులో, నల్లబల్ల మీద నేనే రాశాను. పడవ నంబరు, చుక్క, యజమాని పేరు. పాళెంలో పోలేరయ్యలు ముగ్గురు, గంగాధరాలు నలుగురు. పైగా అక్షరం రానివాళ్లకు కూడా అంకె వచ్చు. అందుకే ఎక్కువమంది చూసేది అంకెనే. నేను రాస్తున్నంతసేపూ ముప్పై నలభై మంది వెనక నిలబడేవారు. సుద్ద కింద పెట్టేదాకా ఎవరూ దగ్గేవారు కూడా కాదు. ప్రెస్సులో ముప్పై ఏళ్లు దిద్దిన ఏ పేజీకీ అలాంటి చదువరులు దొరకలేదు నాకు.

గంగాభవాని నాగులమ్మ కూతురు. తండ్రి పడవ తుఫానులో కొట్టుకుపోయి రెండు ముక్కలై ఒడ్డుకు చేరింది. ఆయన ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. ఆమె కావలిలో ఇంటరు చదివింది. కొన్నాళ్లు రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసింది. తర్వాత కృష్ణపట్నంలో ఒక రవాణా కంపెనీ గేటు దగ్గర, వచ్చే లారీ నంబరు, పోయే లారీ నంబరు కంప్యూటర్లో కొట్టే పని నాలుగేళ్లు చేసింది.

"ఒక్క నంబరు తప్పు కొడితే లారీ గేటు కాడే నిలబడిపోద్ది సార్. ఆ డ్రైవరు అరవంలో తిట్టే తిట్లకి చెవుల్లో ఉప్పునీళ్లు పోసుకోవాల" అని నవ్వేది.

తల్లికి మోకాళ్లు పట్టేసి ఎండుచేపల పని ఒక్కతే చేసుకోలేకపోతే ఆ ఉద్యోగం మాని వచ్చింది. అప్పటికి ముప్పై ఒకటి. సన్నని మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల ముఖం కాక చేతుల వైపు చూసేది. పెళ్లి సంగతి ఎవరైనా ఎత్తితే, "వస్తాడులేమా, దారడుగుతా ఉంటాడు" అనేది.

ఆమె వచ్చిన ఏడాదే మత్స్యకారుల సంఘానికి ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు వెబ్‌సైటు ఒకటి పెట్టించి, ఒక పూట నేర్పి, గుర్తుల కాగితం ఒకటి చేతికిచ్చి వెళ్లిపోయారు. సంఘంలో ఆ కాగితం ఎవరికీ అర్థం కాలేదు. భవాని దాన్ని పట్టుకుపోయి, ఇసుకలో పరిచిన చేపలు ఒక చేత్తో తిరగేస్తూ రెండో చేతి బొటనవేలితో ఫోనులో నొక్కుతూ, వారం రోజుల్లో మొత్తం నేర్చేసుకుంది.

ఆ సైటులో రాయడానికి రంగుల బటన్లేమీ లేవు. మామూలుగా టైపు చేసుకుంటూ పోవాలి. మధ్యలో కొన్ని గుర్తులు పెడితే, పేజీ తెరిచినప్పుడు ఆ గుర్తులు కనబడకుండా పోయి మాట రూపం మారుతుంది. వరస మొదట రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు కలిసిన గుర్తు పెడితే ఆ వరస పెద్ద అక్షరాల శీర్షిక అవుతుంది. మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు పెడితే మాట లావవుతుంది. అడ్డగీత పెడితే వరస ముందు నల్లగుండు వస్తుంది. ఒకరోజు తడి ఇసుక మీద పుల్లతో గీసి చేపలు ఎండబెట్టే ఆడవాళ్లకు ఇదంతా చెబుతోంది. నేను అటుగా పోతూ ఆగాను.

"ఏందే అది, ముగ్గా?" అంది నాగులమ్మ.

"ముగ్గు కాదుమా, వల కన్ను. ఇది గీసి, కాస్త ఎడమిచ్చి, పక్కన మాట రాసినామంటే ఆ మాట పెద్దదై కూర్చుంటాది."

"అయితే నా పేరు ముందర గీయవే. నేనూ పెద్దదాన్నయి కూర్చుంటా."

"కూర్చుంటావు సరే, లేపేదెవురు?" అంది పక్కింటి కామాక్షి. "ఆ మోకాళ్లకి క్రేను పిలిపించాల, కృష్ణపట్నం నుంచి."

అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, మధ్యలోనే ఆగింది. వల కన్ను! నేనైతే ఆ గుర్తుకు ఆ పేరు ఎన్నటికీ పెట్టలేను. ప్రెస్సులో నాకూ గుర్తులుండేవి. లావు అక్షరం కావాలంటే మాట కింద అలలాంటి గీత గీసేవాణ్ని, మాట చేర్చాలంటే కింద కొక్కెం పెట్టేవాణ్ని. నా గుర్తు చూసి అక్షరాలు కూర్చేవాడు మార్చాలి, వాడు మర్చిపోతే నేను మళ్లీ గీయాలి. పుస్తకం అచ్చయ్యాక నా కాగితాలు పొట్లాలు కట్టడానికి పోయేవి. ఈమె గీతకు మధ్యలో ఎవరూ లేరు. పెట్టగానే మారుతుంది. మా ప్రెస్సు చూడని పిల్ల, ఇసుకలో కూర్చుని, నా ముప్పై ఏళ్ల పనిని ఎండుచేపల పక్కన ఆడవాళ్లకు నేర్పుతోంది.

ఆ సైటులో మొదట వాతావరణ హెచ్చరికలు పెట్టింది. తర్వాత పోటు పాట్ల పట్టిక, సముద్రం ఎప్పుడు పొంగుతుందో ఎప్పుడు తీస్తుందో. అంకెలు ఒకదాని కింద ఒకటి చక్కగా నిలబడేవి. అదెలాగని ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"పైన మూడు వాలు చుక్కలు, కింద మూడు వాలు చుక్కలు పెడతా సార్. ఆ మధ్యలో ఉండేదాన్ని అది ముట్టుకోదు. మనం ఎట్లా కొట్టినామో అట్లానే చూపిస్తది. గంగమ్మ గుడి గడప మాదిరి, లోపల ఎవురి పెత్తనమూ చెల్లదు."

పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కదా, ఆ లెక్క వేసే నాలుగు వరసల చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి, అదీ ఆ గడపల మధ్యనే పెట్టింది, వేరే ఊళ్లవాళ్లు కావాలంటే తీసుకోవచ్చని. ఈ గుర్తులన్నిటినీ వివరిస్తూ ఇంకో పేజీ. పుస్తకాల గదికి కూడా ఒక పేజీ తెరిచి, "మీరూ రాయండి సార్, మీ పుస్తకాల పేర్లన్నీ పెట్టండి" అని దాని పాస్‌వర్డు నాకు చెప్పింది. పొట్టి పొట్టి వాక్యాలు రాసేది. తప్పు వెతుకుదామని చదివేవాణ్ని, దొరికేది కాదు. దొరకని ప్రతిసారీ నాకు కోపం వచ్చేది.

ఆ వేసవిలో వంతుల జాబితా కూడా సైటులోకి వెళ్లింది. వేటలో ఉన్నవాళ్లకూ, మార్కెట్టుకు వెళ్లినవాళ్లకూ ఫోనులో కనబడితే బాగుంటుందని పెద్దకాపు ముత్యాలయ్య అన్నాడు. ఊరి కట్టుబాట్లు ఆయన చేతిలో ఉంటాయి. భవాని ఇంటికి పడవ లేదు కాబట్టి ఆమె రాయొచ్చు. మేనమామ పోలేరయ్యకు ఉంది, పద్దెనిమిదో నంబరు. మేనమామ లెక్కలోకి రాడని పెద్దలు తేల్చారు. నన్ను మాట వరసకు అడిగారు.

"మీకూ పెద్దతనం వచ్చింది గదా సార్. ఇంక శనివారం సాయంత్రం హాయిగా కూర్చోండి" అన్నాడు ముత్యాలయ్య, మంచి మాట చెప్పినట్టు.

హాయిగానే కూర్చున్నాను. శనివారం సాయంత్రం ఆరింటికి నా కుడిచేతి వేళ్లు సుద్ద కోసం తడుముకునేవి. రెబెక్కమ్మ గమనించింది.

"ఆ పిల్ల దగ్గర మీరూ నేర్చుకోరాదా? అంత ముఖం మాడ్చుకునే బదులు."

"నాకు రాదనుకున్నావా?"

"రాదని ఎవరన్నారు? ఆ పిల్ల కంటే బాగా వస్తుందేమో చూద్దామని అంటున్నా" అంది. అది వేళాకోళమో ఉపకారమో నేను తేల్చుకోలేదు.

భవాని జాబితాలో ప్రతి వరసకూ ముందు అడ్డగీత, నంబరుకు అటూ ఇటూ నక్షత్రాలు పెట్టేది. తెరమీద నల్లగుండు, లావు నంబరు, పేరు. చూడడానికి ముచ్చటగానే ఉండేది. నేను ముత్యాలయ్య దగ్గరికి వెళ్లి, "ఈ నల్లగుండ్లు ఏమిటి? బోర్డు మీద రాసినట్టే ఉండాలి. అంకె, చుక్క, పేరు. జనానికి అలవాటైన తీరు మార్చకూడదు" అన్నాను. ఆయన చూద్దాంలే అన్నాడు. ఆయన చూద్దాం అంటే రెండు నెలలు.

ఆ రెండు నెలల్లో నేను తలుపు దగ్గరగా వేసుకుని పుస్తకాల పేజీ మొదలుపెట్టాను, అట్ట మీది నంబర్లతో సహా. రెండు వందల పన్నెండు, చుక్క, పుస్తకం పేరు. దాని కింద ఎనభై ఏడు, చుక్క. దాని కింద మూడు వందల నలభై. పేజీ తెరిచి చూస్తే 212, 213, 214 అని ఉంది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. నేను కొట్టినచోట ఎనభై ఏడు ఎనభై ఏడుగానే ఉంది. చూపేచోట మాత్రం మారిపోయింది. రెండు రోజులు తల బద్దలు కొట్టుకుని విషయం పట్టుకున్నాను. వరస మొదట అంకె, దాని పక్కన చుక్క కనబడితే ఆ సైటు మనం వరసగా లెక్కపెడుతున్నామనుకుంటుంది. మొదటి అంకె ఒక్కటి మన దగ్గర తీసుకుని మిగతావి తనే వేసుకుంటుంది. చుక్కకు ముందు ఒక వాలుగీత పెడితే ఊరుకుంటుంది.

ఆ సంతోషం చెప్పలేను. అది గంగాభవానికి తెలియదు! ఆమె ఎప్పుడూ అంకెతో చుక్కతో వరస మొదలుపెట్టలేదు కనుక తెలిసే అవసరం రాలేదు. ఈ సముద్రం ఒడ్డున ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో దాచుకున్న తాయిలంలా అప్పుడప్పుడూ తలుచుకుని సంతోషపడేవాణ్ని.

కార్తీకంలో వాన పట్టింది. మూడు రోజులు కురిసి శుక్రవారం తెరిపిచ్చింది. మొగ దగ్గర నీళ్లు ఎర్రగా తిరిగాయి. ఏడాది మొత్తానికి రొయ్య పడేది ఆ వారమే. శనివారం సాయంత్రం నా ఫోను మోగింది. భవాని సందేశం.

"సార్, బోర్డు మాదిరి రాయమని ముత్యాలయ్య పెదనాన్న ఇయ్యాల గట్టిగా చెప్పినాడు. కావలిలో ఉండగానే అట్లా మార్చినా. అమ్మకి మోకాలి సూది వేయించుకుని కావలి నుంచి బస్సులో వస్తా ఉండా. ఇక్కడ మెసేజీ పోతా ఉంది గానీ పేజీ తెరుచుకోవడం లేదు. మీరు ఒకసారి చూసి సరే అంటే పడవలోళ్ల వాట్సాప్ గ్రూపులో పెడతా. తప్పులు పట్టడంలో మీ కన్ను వేరే గదా."

పేజీ తెరిచాను. మొదటి రోజు వంతు నిజానికి 17, 4, 29, 11. అది నాకు నోటికి వచ్చు. చీట్లు తీసినప్పుడు అక్కడే ఉన్నాను, మైల మార్పులు కూడా తెలుసు. తెరమీద 17, 18, 19, 20 అని ఉంది. చివరిదాకా అలాగే, మెట్లలా. పక్కన పేర్లు మాత్రం సరిగ్గానే ఉన్నాయి.

అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాను. రెబెక్కమ్మ లోపలి నుంచి టీ తీసుకుపొమ్మని పిలిచింది. వస్తున్నా అన్నాను. ఆ చివరి వాక్యం, నా కన్ను వేరే అన్నది, రెండుసార్లు చదువుకున్నాను. వాలుగీత అని ఒక్క మాట చాలు. ఆ జాబితాను ఆమె గడపల మధ్య పెట్టమన్నా చాలు. నేను చెబితే రెండు నిమిషాల్లో దిద్దుకుంటుంది. దిద్దుకున్నాక అది కూడా ఆమెకు తెలిసినవాటిలో ఒకటి అయిపోతుంది.

"సరే" అని కొట్టాను. తర్వాత వెళ్లి టీ తాగాను.

తెల్లవారి మొగ దగ్గర నాలుగు వలల చోటికి ఏడు పడవలు వచ్చాయి. పేరు చదివినవాళ్లు కొందరు వచ్చారు, అంకె చూసినవాళ్లు కొందరు వచ్చారు. నాలుగో నంబరు గంగాధరం తన వంతని వల దించుతుంటే, పద్దెనిమిదో నంబరు పోలేరయ్య తనదని తాడు పట్టుకున్నాడు. మాట మాట పెరిగింది. ఎవరి తెడ్డో గంగాధరం కనుబొమ్మ మీద తగిలింది. వల నిలువునా చిరిగింది. ఏడు గంటలకు అతణ్ని మా అరుగు మీదికే తీసుకొచ్చారు. రెబెక్కమ్మ గాయం కడుగుతుంటే నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. గిన్నెలో నీళ్లు ఎర్రబడ్డాయి.

"ఆ పిల్ల మేనమామకి దోచిపెట్టింది నర్సమ్మా" అన్నాడు గంగాధరం, పళ్లు బిగబట్టి. "చూడు, పదిహేడు పక్కనే పద్దెనిమిది. ఏం తెలివి!"

"కదలొద్దు నాయనా, కన్ను పోతుంది" అంది రెబెక్కమ్మ.

మధ్యాహ్నం రేకుల షెడ్డులో పెద్దలు కూర్చున్నారు. మొగ మీద దురాయి వేశారు, అంటే తీర్పు తేలేదాకా ఏ పడవా అటు పోకూడదు. రొయ్య మాత్రం పోతూనే ఉంది. అందరికీ మంట అందుకే. భవాని వచ్చి నిలబడింది. ఫోను తెరిచి తను టైపు చేసిన వరసలు చూపించింది.

"చూడు పెదనాన్నా, నేను కొట్టింది ఇది. పదిహేడు, నాలుగు, ఇరవైతొమ్మిది, పదకొండు. నేను తప్పు కొట్టలే."

ముత్యాలయ్య తన ఫోనులోని పేజీ చూపించాడు. "మరి ఇదేందమ్మే?"

ఆమె రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. మొదటి నుంచి వేలితో ఒక్కో వరసా మళ్లీ పోల్చుకుంది. అప్పుడే ఆమె తగువు ఓడిపోయింది. లారీ నంబరు ఒక్కటి తప్పని మనిషి చేతిలో ఒకే జాబితాకు రెండు రూపాలు.

"రాసిందొకటి, చూపిందొకటి" అన్నాడు గంగాధరం, తలకు కట్టుతో. "పెద్దలకి చూపించేదానికి ఒకటి పెట్టుకుంది, మామకి ఒకటి పెట్టుకుంది."

"నేనెందుకు చేస్తానన్నా అట్లా? మా నాయన పడవ పోయిన నాడు నీ వాటాలో చేపలు తెచ్చి మా ఇంట్లో పెట్టినావే, నీకా ద్రోహం చేసేది?"

"అది అడగబాకు. ఇది చెప్పు."

ఆమె షెడ్డంతా కళ్లతో వెతికి నన్ను పట్టుకుంది.

"సారుకి పంపినా పెదనాన్నా. ఆయన చూసి సరే అన్నాకనే గ్రూపులో పెట్టినా. సార్, మీరు చూసినప్పుడు ఎట్లా ఉండాదో చెప్పండి."

నలభై మంది నావైపు తిరిగారు. పద్దెనిమిదేళ్లు నా వీపు చూసిన వాళ్లే. వాళ్లకు కావలసింది ఒక్క మాట: నిన్న సాయంత్రమే అంకెలు అలా ఉన్నాయి, యంత్రం చేసిన పని, పిల్ల తప్పు లేదు. ఆ మాట చెప్పాలంటే, తెలిసీ సరే అన్నానని కూడా చెప్పాలి.

"పంపింది" అన్నాను. "పేర్లు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. అంకెలు... అద్దాలు పెట్టుకోలేదు."

భవాని నా ముఖం వైపు చూసింది. మామూలుగా చేతుల వైపు చూసే మనిషి. తర్వాత ఫోను చీరకొంగుకు తుడిచి రవికెలో పెట్టుకుంది. పెద్దలు తేల్చారు: పోలేరయ్యకు రెండు వంతులు కోత, సైటులో వంతులు రాయడం బందు, బోర్డు మళ్లీ సారుకు. నాగులమ్మ కూతురి చెయ్యి పట్టుకుని కుంటుకుంటూ తీసుకుపోయింది.

మర్నాడు భవాని పుస్తకాల గది గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాలేదు.

"కనుక్కున్నా సార్. అంకె పక్కన చుక్క పెడితే అది తానే లెక్కబెట్టేసుకుంటాదంట. చుక్క ముందర వాలుగీత పెట్టాల."

"అవునా" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి అంత సాఫీగా వచ్చినందుకు నాకే భయం వేసింది.

"పెదనాన్నకి చెప్పినా. ఆయనకి అర్థం కాలా. ఇప్పుడు కనిపెట్టిన సాకు అంటారంట జనం." గడప మీది ఇసుకను కాలితో పక్కకు నెట్టింది. "నా పని పోతే పోనీ సార్. దొంగ లెక్క రాసిందని అమ్మ ముందర అంటా ఉండారు. బజార్లో చేపలు కొనేవాళ్లు కూడా తక్కెడ వైపు రెండుసార్లు చూస్తా ఉండారు."

నేను బల్లమీద పుస్తకాలు సర్దాను. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

ఆ శనివారం బోర్డు మీద నేనే రాశాను. వెనక జనం నిలబడ్డారు, దగ్గు కూడా లేదు. కావలసింది దొరికింది. వేళ్లకు సుద్ద అంటుకుంది. ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే రెబెక్కమ్మ, "సంతోషమేనా?" అంది. గోళ్ల కింది సుద్ద ఇంకోసారి కడుక్కున్నాను. ఆమె నా ఫోను చూడలేదు, నన్నేమీ అడగలేదు. నలభై ఆరేళ్లు కాపురం చేసిన మనిషికి అడగవలసిన పనేముంది.

ఆ తర్వాతి శనివారం గంట ముందే షెడ్డుకు వెళ్లాను. ముత్యాలయ్య ఒక్కడే కూర్చుని వల కుడుతున్నాడు.

"ముత్యాలయ్యా, ఆ రోజు అంకెలు మారిపోయి ఉండడం నేను చూశాను. ఎందుకు మారాయో కూడా నాకు తెలుసు. ఆ పిల్ల తప్పు లేదు."

ఆయన దారం పంటితో కొరికి తెంపాడు. "చూసినారా?"

"చూశాను."

"మరెందుకు చెప్పలా సార్?"

ఆయన ఇంకో కన్ను కుట్టాడు.

"ఇప్పుడు చెప్తే ఏమొస్తాది? పోలేరయ్యా గంగాధరం నిన్ననే ఒకే అగ్గిపుల్లతో రెండు బీడీలు ముట్టించుకున్నారు. వాళ్లని మళ్లీ తెచ్చి కూర్చోబెట్టమంటారా? ఈసారి తెడ్డు ఎవురి నెత్తిన పడతాదో. ఊరు సర్దుకుంది. ఆ పిల్ల మాట నాలుగు నాళ్లకి అందరూ మరిచిపోతారు."

"ఆమె మర్చిపోదు కదా."

"ఆడబిడ్డ. ఏదో ఒక రోజు పోయేదే గదా ఊళ్లోంచి." వల పక్కన పెట్టి లేచాడు. "మీ బోర్డే బాగుండాది సార్. రాయండి, జనం వస్తా ఉండారు."

జనం వచ్చారు. ముప్పై మందికి పైనే. సుద్ద నా చేతిలో ఉంది. ఆయన వద్దన్నాడు, నిజమే. నా నోరు ఆయన చేతిలో లేదు. తిరిగి వాళ్ల ముఖాలు చూసి ఒక్క వాక్యం చెబితే అయిపోయేది. బోర్డు వైపే తిరిగాను. పదకొండు, చుక్క, పేరు. ముప్పై ఆరు, చుక్క, పేరు. అక్షరాలు ఎన్నడూ లేనంత గుండ్రంగా వచ్చాయి.

ముత్యాలయ్య నా మాట తన కడుపులోనే ఉంచుకున్నాడో, భార్యకు చెప్పాడో, ఆమె నీళ్ల కొళాయి దగ్గర నాగులమ్మకు చెప్పిందో నాకు తెలియదు. నాగులమ్మ నన్ను చూస్తే పలకరించడం మాత్రం మానలేదు.

మాఘంలో రెబెక్కమ్మ చెప్పింది: భవానికి చెన్నైలో ఉద్యోగం వచ్చిందట. యంత్రాలు ఎలా వాడాలో చెప్పే పేజీలు రాసే కంపెనీ. ఆమె గుర్తుల గురించి రాసిన పేజీ ఎవరో చూసి అడిగారట. నాగులమ్మకు తోడుగా కామాక్షి ఉంటానందట. ఇదంతా వింటూ నేను చేసిన మొదటి పని ఆ పేజీ మళ్లీ తెరవడం. తప్పు దొరుకుతుందేమోనని! అంత జరిగాక కూడా. అడుగున కొత్తగా ఒక పేరా చేర్చి ఉంది, అంకె గురించి, చుక్క గురించి, వాలుగీత గురించి. ఏ ఊరి పేరూ లేదు, ఏ మనిషి పేరూ లేదు. మూడు వాక్యాలు. ఒక్క అక్షరం తీయడానికి లేదు, చేర్చడానికి లేదు.

వెళ్లే ముందు రోజు ఇల్లిల్లూ తిరిగి పోయొస్తానని చెప్పింది. గంగాధరం ఇంటికి కూడా వెళ్లిందట; అతని పెళ్లాం బొట్టు పెట్టి పంపిందట. సాయంత్రం ఉపకేంద్రం దగ్గర రెబెక్కమ్మను కౌగిలించుకుని ఏడ్చిందట. నేను చీకటి పడేదాకా పుస్తకాల గది మూయలేదు. ఎవరైనా వస్తే చెప్పవలసిన నాలుగు మాటలు కూడబలుక్కుని కూర్చున్నాను. ఒకటి రెండుసార్లు చెప్పులు ఇసుకలో రాసుకున్న చప్పుడు వినబడి తల ఎత్తాను. వేరేవాళ్లు.

పొద్దున రెబెక్కమ్మ వాళ్లింటికి వెళ్లింది. నేను అరుగు మీద నిలబడ్డాను. ఏడున్నరకు ఆటో వచ్చింది. వెనక సీట్లో భవాని, పక్కన బట్టల సంచి, ఒళ్లో ఎండుచేపల పొట్లం. సరిగ్గా మా గేటు ముందు చక్రం ఇసుకలో దిగబడి తిరిగింది. డ్రైవరు దిగి నెట్టాడు, కదల్లేదు. ఆమె పొట్లం సీటు మీద పెట్టి దిగింది. కుచ్చిళ్లు ఎగదోపుకుని, భుజం ఆనించి నెట్టింది. నాకు పదడుగుల దూరం కూడా లేదు. నేను మెట్టు దిగాను. అప్పటికే చక్రం గట్టి నేల మీదికి వచ్చింది. ఆమె చేతులకంటిన ఇసుక దులుపుకుని, ఎక్కి, పొట్లం మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

ఆటో బిట్రగుంట స్టేషను దారిలోకి తిరిగింది.